కళ్ళు మూసుకుని ఎత్తిన చేతులు

దీవెనమ్మగారు వీసా క్యాన్సిల్ చేసుకుని ఇండియా వెళ్ళిపోతున్నారని తెలిసిన రోజు సాయంత్రం జయకుమారి తలంటుకుంది. తలమీద చెయ్యి పడేది ఆ రోజు కాదని, ఇంకా నెలన్నర ఉందని ఆమెకు తెలుసు. అయినా తలంటుకుంది.

దోహాలోని మదీనత్ ఖలీఫాలో దీవెనమ్మగారు ఉండే విల్లాలో ప్రతి శుక్రవారం తెలుగు స్త్రీల ప్రార్థన కూడిక జరుగుతుంది. ఊళ్ళో ఆదివారం ఎలాగో ఇక్కడ శుక్రవారం అలాగ. ముందు గదిలో జంపఖానాలు పరిచి, తెల్లగుడ్డ కప్పిన కుర్చీ ఒకటి వేస్తారు. ఆ కుర్చీలో కూర్చునే ఆవిడే కూడికకు పెద్ద. వాక్యం ఎవరు చెప్పాలో, పాట ఎవరు ఎత్తాలో, ఎవరింట్లో జబ్బుంటే ఎవరు వెళ్ళి చూసి రావాలో అన్నీ ఆవిడ మాటే. పెద్ద దేశం విడిచి వెళ్ళేటప్పుడు తన తర్వాతి ఆవిడను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంది. అంతే. ఎవరూ అడగరు, ఎవరూ కాదనరు. దీవెనమ్మగారి తలమీద అంతకుముందావిడ అలాగే చెయ్యి పెట్టి వెళ్ళింది.

ఇప్పుడు ఆ చెయ్యి ఎవరి తలమీద పడాలో వేరే చెప్పక్కర్లేదు. పాలకొల్లు నుంచి ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా వచ్చిన జయకుమారి, వచ్చిన మొదటి వారం నుంచీ ఆ జంపఖానాలు పరిచింది. టీ పెట్టింది. అన్నిటికీ మించి పాట ఎత్తింది. ఆమె గొంతు లేస్తే పక్క విల్లా వాళ్ళు కూడా టీవీ తగ్గిస్తారని దీవెనమ్మగారే నలుగురిలో అనేవారు. "నా తల్లి" అనేవారు. అందరినీ "అమ్మా" అని పిలిచే ఆవిడ, "తల్లీ" అని పిలిచేది జయకుమారిని ఒక్కదాన్నే.

జాయ్స్ వచ్చేవరకు.

జాయ్స్ గుడివాడ వైపు పిల్ల. అక్కడ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేదట. భర్త ఉద్యోగం వల్ల దోహా వచ్చి, ఒక ఇండియన్ స్కూల్లో లైబ్రరీ చూసుకుంటోంది. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. మొదటి రెండు నెలలూ వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. జయకుమారే ఆమెకు చోటు చూపించింది, జయకుమారే మొదటి టీ గ్లాసు చేతికిచ్చింది. ఆ సంగతి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

దీవెనమ్మగారి ప్రయాణం సంగతి తెలిసిన తర్వాతి శుక్రవారమే వాక్యం చెప్పాల్సిన ఆవిడకు డ్యూటీ పడింది. దీవెనమ్మగారు చుట్టూ చూసి, "జాయ్స్, నువ్వు చెప్పమ్మా ఇవాళ, ఏదో నాలుగు ముక్కలు" అన్నారు.

జాయ్స్ లేచి నిలబడి, బైబిల్లో జనం తమకు రాజు కావాలని ముసలి ప్రవక్తను అడిగిన ఘట్టం తీసింది.

"అప్పటిదాకా వాళ్ళకు రాజు లేడు. చుట్టుపక్కల అందరికీ ఉన్నాడు, మాకూ కావాలన్నారు. ముసలాయన ఏమన్నాడో చూడండి. మీ కొడుకుల్ని తీసుకుపోతాడు, రథాల ముందు పరిగెత్తిస్తాడు. మీ కూతుళ్ళచేత వంట చేయిస్తాడు. మీ మంచి పొలాలు తీసి తనవాళ్ళకిస్తాడు. తర్వాత నన్ను తిట్టుకోకండి అన్నాడు."

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి అల్ రయ్యాన్‌లో ఒక ఇంట్లో వంటపని చేసే ఎస్తేరు గట్టిగా నవ్వింది. "గిదంత మా ఊరి దొర ముచ్చటనే గదమ్మా. మా తాత చెప్పేటోడు. పొలం గూడ పాయె, కోళ్ళు గూడ పాయె."

"అదే ఎస్తేరక్కా. అంత చెప్పినా వాళ్ళు వినలేదు. రాజు దొరికాడు. ఎవరు? తప్పిపోయిన గాడిదల్ని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు."

గదంతా నవ్వింది. ఆ తర్వాత నెలరోజులూ ఆ రాజును ఎస్తేరు 'గాడిదలాయన' అనే పిలిచింది.

నవ్వు ఆగాక జయకుమారి ఒకటి గమనించింది. ఎవరి చేతిలోనూ ఫోను లేదు. తను వాక్యం చెప్పిన రోజుల్లో ఒడిలో ఫోన్లు వెలిగి ఆరుతూ ఉండేవి. తను చూసీ చూడనట్టు ఊరుకునేది. ఇప్పుడు ఆ చేతులన్నీ ఖాళీగా ఉన్నాయి. అందరూ వెళ్ళేటప్పుడు దీవెనమ్మగారు జాయ్స్ గడ్డం పట్టుకుని, "ఇన్నాళ్ళూ వెనక్కెళ్ళి దాక్కున్నావేంటి తల్లీ" అన్నారు.

ఆ 'తల్లీ' జయకుమారి చెవిలో ఇంటిదాకా మోగింది.

కారులో భర్త జేమ్స్ అడిగాడు. "ఎవరో కొత్తావిడ చెప్పిందంటగా. బాగా చెప్పిందని మెసేజిల మీద మెసేజిలు పెడతన్నారు మీవాళ్ళు."

"చెప్పింది. కాలేజీలో చెప్పినట్టు చెప్పింది. ప్రార్థన తక్కువ, కబుర్లు ఎక్కువ."

"మరి అందరికీ నచ్చిందంటున్నారే."

"కబుర్లు ఎవరికి నచ్చవు?"

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు జేమ్స్ తనలో తను నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

తర్వాతి శుక్రవారాలన్నీ జాయ్స్‌వే అయ్యాయి. కొనసాగింపు కావాలని ఆడవాళ్ళే అడిగారు. జయకుమారి ఆమెలో లోపాలు వెతకటం మొదలుపెట్టింది. వెతికితే దొరక్కపోవు. జంపఖానా మడత పెట్టడం రాదు, మూలలు కలపదు. టీ నీళ్ళలా పెడుతుంది, అయినా బాగుందని తాగుతారు. అన్నిటికంటే పెద్ద లోపం, పాడలేదు. మామూలు శ్రుతిలో ఎలాగో లాక్కొస్తుంది, కొంచెం పైకి వెళ్తే గొంతు చీలిపోతుంది.

అది కనిపెట్టాక జయకుమారి పాటను కొంచెం పైనుంచి ఎత్తడం మొదలుపెట్టింది. ఎంతో కాదు. తన గొంతుకు సుఖంగా ఉన్నంత. రెండో చరణంలో జాయ్స్ గొంతు విరిగేది, తల వంచుకుని పెదాలు మాత్రం కదిపేది. కళ్ళు మూసుకుని పాడే జయకుమారికి ఆ విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించేది. ఆ వారానికి ఆమెకు అదే దీవెన.

కానీ పాట అయిపోయాక జాయ్స్ లేచి మాట్లాడేది. మాట్లాడటం మొదలైతే ఆ పాట ఎవరికీ గుర్తుండేది కాదు.

ఒక వారం, పక్కవాడి భార్యను తీసుకున్న రాజు దగ్గరికి ప్రవక్త వెళ్ళి పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పి, ఆ మనిషివి నువ్వే అని మొహం మీద అన్న సంగతి చెప్పింది. "చూశారా, మతం రాజు తలమీద నూనె పోసి అభిషేకం చేసింది. ఆ మతమే రాజు ఎదురుగా నిలబడి తప్పు అనేవాణ్ణి కూడా ఇచ్చింది. నూనె ఒక్కటే పుచ్చుకుని, ఈ రెండోవాణ్ణి వద్దనుకున్నారు చాలామంది రాజులు. మా అధికారం తిన్నగా దేవుడి దగ్గర్నుంచే వచ్చింది, మేము మనుషులెవరికీ జవాబు చెప్పక్కర్లేదు అనేవారు ఇంగ్లండులోను, ఫ్రాన్సులోను. అయితే వాక్యం మామూలు జనం భాషలోకి వచ్చి, అచ్చయి, ఇళ్ళలోకి చేరాక, జనం తామే చదువుకున్నారు. రాజును నిలదీసినవాడు కూడా ఇందులోనే ఉన్నాడే అనుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ఆలోచనాపరులు ఇంకో అడుగు వేశారు. అధికారం రాజు సొత్తు కాదు, జనం అతని దగ్గర దాచుకున్న వస్తువు అన్నారు. సరిగా చూసుకోకపోతే వెనక్కి అడగొచ్చు అన్నారు."

"వెనక్కి ఇచ్చిన్రా?" అని ఎస్తేరు అడిగింది.

"కొందరు ఇచ్చారు. కొందరి దగ్గర లాక్కోవాల్సి వచ్చింది. రక్తం కూడా కారింది, అది దాచకూడదు."

జయకుమారికి ఆ మాటలు అర్థం కాకపోలేదు. అదే ఆమె బాధ. అర్థమయ్యేలా చెప్తోంది. తను ఇంట్లో పుస్తకాలు ముందేసుకుని, వీడియోలు చూసి, అలాంటి మాటలు కూర్చుకోవాలని ప్రయత్నించింది. అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకుంది. తన నోట్లో అవి అప్పజెప్పే పాఠంలా వచ్చాయి.

దీవెనమ్మగారి ప్రయాణానికి రెండు వారాలుందనగా జాయ్స్ మళ్ళీ గాడిదలాయన దగ్గరికి వచ్చింది.

"ప్రవక్త ఆయన తలమీద నూనె పోసింది ఎక్కడ? ఊరిబయట, ఎవరూ చూడకుండా. కానీ ఆయన రాజయింది ఆ రోజు కాదు. తర్వాత జనమంతా ఒకచోట చేరి ఆయన్ని రాజుగా చేసుకున్నారు. రెండూ రాసి ఉన్నాయి. మనం మొదటిదాని మీదే పాటలు కట్టుకున్నాం. రెండోదాన్ని దాటి వెళ్ళిపోతాం. మన కృష్ణా ఒడ్డున కూడా ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండేవారు. వాళ్ళలో మాట తేడా వస్తే పుల్లలు పంచుకుని, ఎవరి వైపు ఎన్ని పుల్లలు వచ్చాయో చూసేవారట. రాజులు అలాంటివాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళేవారు."

దీవెనమ్మగారు తన కుడి అరచేతిని ఒడిలో తిరగేసి చూసుకుంటున్నారు. నెమ్మదిగా అన్నారు.

"అయితే నేనొక్కదాన్నీ చెయ్యి పెడితే చాలదన్నమాట."

జాయ్స్ కంగారు పడింది. "అయ్యో, నేను మన కూడిక గురించి అనలేదు అమ్మగారూ."

"నువ్వు అనలేదు తల్లీ. నాకు వినపడింది. వచ్చే వారం మీరే ఎంచుకోండి. ఆ తర్వాతే నేను చెయ్యి పెడతాను."

జయకుమారి టీ నెపంతో లేచి వంటింట్లోకి వెళ్ళింది. పాలు పొంగి స్టవ్ మీద పడుతున్నా చూస్తూ నిలబడింది. దీవెనమ్మగారు వెనకాలే వచ్చి స్టవ్ ఆపారు.

"కోపమొచ్చిందా?"

"నాకెందుకండీ కోపం."

"మరి పాలెందుకు పొంగాయి?"

జయకుమారి గుడ్డ తీసుకుని స్టవ్ తుడవసాగింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "ఇన్నేళ్ళు చేశానండీ అమ్మగారూ. ఒక్క శుక్రవారం మానలేదు. జ్వరమొచ్చినా వచ్చాను. ఆవిడొచ్చి ఎంతైందని? నాలుగు కథలు చెప్పి నా చోటు లాగేసుకుంటుంటే, మీరు కూడా..."

"నీ చోటని ఎవరు చెప్పారు?"

"మీరే."

దీవెనమ్మగారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి కావాల్సింది అక్కడ కాదు. కొంచెం పైన.

ఆ వారమంతా జయకుమారి లెక్కలేసుకుంది. ఎవరి పిల్లకు జ్వరమొస్తే తను మందు తెచ్చిపెట్టింది, ఎవరిని డ్యూటీ నుంచి కారులో దింపింది, అందరి మొహాలూ కళ్ళ ముందు పెట్టుకుని చూసుకుంది. ఆ మొహాలన్నీ ఆమె ఊహలో కూడా జాయ్స్ వైపే తిరిగి ఉన్నాయి.

ఆఖరి శుక్రవారం రానే వచ్చింది. దీవెనమ్మగారిని మినహాయిస్తే పదకొండు మంది. ఎలా ఎంచుకోవాలన్న దగ్గర కాసేపు మాట నడిచింది.

"పుల్లలు పంచుదాం. ఐస్‌క్రీం పుల్లలు నేను తెస్త బక్కాలకెంచి," అని ఎస్తేరు లేవబోయింది.

"కూర్చోవే," అన్నారు దీవెనమ్మగారు. "బక్కాలా షాపు దాకా ఎందుకు. మనకు తెలిసిన పద్ధతుంది కదా. తలలు వంచండి, కళ్ళు మూసుకోండి. నేను పేరు చెప్తాను, చెయ్యెత్తండి. నేను తప్ప ఎవరూ చూడరు. మొహమాటం ఉండదు."

అది అందరికీ తెలిసిన పద్ధతే. చిన్నప్పటినుంచి ప్రతి సభలోనూ ప్రసంగం చివర బోధకుడు అదే అంటాడు. తలలు వంచండి, కళ్ళు మూయండి, దీవెన కావాలనేవారు చేతులెత్తండి.

తలలు వంగాయి. కొంగులు తలమీదికొచ్చాయి. దీవెనమ్మగారు చిన్న ప్రార్థన చేసి, అదే గొంతుతో, "ఈ కూడికను జయకుమారి నడిపించాలని కోరుకునే బిడ్డలు చేతులెత్తండి" అన్నారు.

జయకుమారి చెయ్యి ఎత్తుకోలేదు. తన పేరుకు తను ఎత్తుకోవడం సిగ్గనిపించింది. కానీ కన్ను మాత్రం తెరిచింది. కొంగు చాటునుంచి, ఎడమ కన్ను, సగం.

చేతులు. ఎటు చూసినా చేతులే. ఎస్తేరు చెయ్యి అందరికంటే పైన. గోడవైపు చూసింది. జాయ్స్ చెయ్యి కూడా లేచే ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, స్కూలు పిల్లలా చెయ్యి నిటారుగా పెట్టింది.

"దించండి. జాయ్స్ నడిపించాలని కోరుకునే బిడ్డలు చేతులెత్తండి."

చేతులు మళ్ళీ లేచాయి. అవే చేతులు. ఎస్తేరుది ఈసారి కూడా అందరికంటే పైన. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళింది. దించి ఉన్నది తన చెయ్యి. ఇంకొకటి జాయ్స్ చెయ్యి. మిగతావన్నీ గాలిలో ఉన్నాయి.

"కళ్ళు తెరవండి," అన్న దీవెనమ్మగారి గొంతులో నవ్వు దాగలేదు. "ఉన్నది పదకొండు మంది. జయకుమారికి పది, జాయ్స్‌కి తొమ్మిది. మీకు ఒక్కొక్కళ్ళకి ఎన్ని చేతులమ్మా?"

ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని అందరూ నవ్వేశారు. ఎస్తేరు మాత్రం నవ్వలేదు. "మీరు గట్ల ప్రార్థన గొంతుతోని అడిగితే చెయ్యి దానంతటదే లేస్తదమ్మా. లేపకుంటే దేవుడేమనుకుంటడు?"

జయకుమారి కూడా నవ్వింది. లోపల మాత్రం ఒక లెక్క తేలిపోయింది. పదికీ తొమ్మిదికీ మధ్యనున్న ఆ ఒక్క చెయ్యి జాయ్స్‌ది. ఆ గదిలో ఆలోచించి, ఒకే ఒక్కసారి ఎత్తిన చెయ్యి అదొక్కటే. తను ఏడిపించిన మనిషి తనకు ఓటేసింది. తెలిసి ఏడిపించానని ఆమెకు తెలుసో లేదో. తెలిసి కూడా ఎత్తి ఉంటే మరీ కష్టం. అసూయకు పట్టుకోవడానికి ఏదైనా ఒక చెడ్డతనం ఉండాలి కదా. ఆ పిల్ల అది కూడా లేకుండా చేసింది. అందుకు ఇంకా కోపమొచ్చింది.

"ఇలా కాదు. కళ్ళు తెరిచే ఎత్తండి. ఒక్కసారే," అన్నారు దీవెనమ్మగారు. "జయకుమారి?"

ఒక్క చెయ్యీ లేవలేదు. జంపఖానా అంచులు లాగుతున్నారు, గాజులు సవరించుకుంటున్నారు. ఇద్దరూ ఎదురుగా కూర్చుని ఉంటే ఎలా ఎత్తుతారు. జయకుమారికి ఆ గాడిదలాయన గుర్తొచ్చాడు. జనం రాజును చేద్దామని పిలిచినప్పుడు ఆయన వెళ్ళి సామాన్ల మధ్య దాక్కున్నాడని జాయ్స్ చెప్పింది. తనకూ ఎక్కడైనా సామాన్లుంటే బాగుండుననిపించింది.

అప్పుడు జాయ్స్ చెయ్యెత్తింది. "నాకు చెప్పడం వచ్చు. నడిపించడం రాదు. నాకు ఒంట్లో బాగోలేని రోజున గంజి పట్టుకుని వచ్చింది ఈ అక్కే. వాక్యం పట్టుకుని ఎవరూ రాలేదు."

జయకుమారికి ఆ గంజి సంగతి గుర్తే లేదు. అందరికీ తీసుకెళ్ళినట్టే తీసుకెళ్ళి ఉంటుంది.

ఎస్తేరు చెయ్యి లేచింది. తర్వాత ఒకటి, మరొకటి, మొత్తం ఏడు. "జాయ్స్?" అని అడిగితే ముగ్గురు ఎత్తారు. ఆ ముగ్గురూ ఎవరో జయకుమారి వద్దనుకుంటూనే చూసి గుర్తుపెట్టుకుంది. ఒకావిడ పాటలో తన పక్కన నిలబడేదే.

"నువ్వు ఎవరికీ ఎత్తలేదేంటమ్మా?" అని అడిగారు దీవెనమ్మగారు.

"నాకు నేనెలా ఎత్తుకుంటానండీ."

"జాయ్స్‌కి కూడా ఎత్తలేదుగా." ఆవిడ ఇంకాస్త దగ్గరికి వంగి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నారు. "ఇందాక కూడా ఎత్తలేదు. నీ కన్ను కూడా చూశాను."

జయకుమారి తల వంచుకుంది. తల వంచితేనే గదా చెయ్యి పెట్టేది. దీవెనమ్మగారు ఆమెను తెల్లగుడ్డ కుర్చీలో కూర్చోబెట్టారు. "నేనొక్కదాన్నే కాదు. అందరూ రండి. మీ అందరి చేతులూ."

అందరూ చుట్టూ చేరారు. ఇన్నేళ్ళుగా ఒక్క చేతి కోసం ఎదురుచూసిన తలమీద అన్ని చేతులు పడేసరికి బరువనిపించింది. ఎవరిది ఏదో తెలియలేదు. కుడిచెవి పక్కనున్నది మాత్రం పల్చగా, చల్లగా ఉంది. పెద్దావిడ చెయ్యి ఎక్కడుందో వెతుక్కుంది, ఆ చేతుల్లో దొరకలేదు.

ప్రార్థన అయింది. కళ్ళు తెరిచారు. దీవెనమ్మగారు నేలమీద ఆడవాళ్ళ మధ్య కూర్చున్నారు. ఇక చెప్పాల్సింది కుర్చీలో ఉన్న మనిషి.

"వచ్చే శుక్రవారం వాక్యం..." అని జయకుమారి ఆగింది. ఆమె నాలుక మీద వేరే పేరు ఒకటి సిద్ధంగా ఉంది. జాయ్స్‌కి టీ పని ఇవ్వొచ్చు. తప్పేమీ లేదు, వంతులు మారాలి కదా అనొచ్చు. ఎదురుగా చూసింది. గదిలో అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. అన్నీ ఆమె మీదే ఉన్నాయి.

"జాయ్స్ చెప్తుంది. టీ నేను పెడతాను."

ఒక్కసారి గది ఊపిరి వదిలినట్టయింది. "గాడిదలాయన సంగతి ఇంకెంత ఉందో చూడాలె," అని ఎస్తేరు సర్దుకుని కూర్చుంది.

"ముగింపు పాట, తల్లీ," అన్నారు దీవెనమ్మగారు.

తలలు వంగాయి. కళ్ళు మూసుకున్నాయి. ఈసారి దీవెనమ్మగారివి కూడా. తనను చూసేవాళ్ళు ఇక ఎవరూ లేరు. జయకుమారి గొంతు సవరించుకుంది. అలవాటైన చోటుకు, ఆ పైమెట్టుకు, గొంతు దానంతటదే లేవబోయింది. పక్కన గోడవైపు నుంచి జాయ్స్ ముందుగానే ఊపిరి పీల్చుకోవడం వినిపించింది, దెబ్బ పడబోతోందని తెలిసిన మనిషి పీల్చుకున్నట్టు.

అంటే ఆమెకు తెలుసు. మొదటినుంచీ తెలుసు.

జయకుమారి ఒక క్షణం ఆగి, శ్రుతి ఒక మెట్టు దించి పాట ఎత్తింది. రెండు దించితే జాయ్స్‌కి సుఖంగా ఉండేది. ఒకటే దించింది.